ఫ్యాన్లు మూడు పెట్టినా వేడి తగ్గడం లేదు

ప్రశ్న: నమస్తే అండీ. నాది 2014లో కొన్న అసెంబుల్డ్ డెస్క్‌టాప్. అప్పట్లో ఐ3-4130 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉండేవి. గ్రాఫిక్స్ కార్డు లేదు. కొత్తది కొనే బదులు దీన్నే బాగుచేసుకుందామని గత ఆరు నెలల్లో సెకండ్ హ్యాండ్‌లో ఐ7-4790 తెచ్చి వేశాను, ర్యామ్ 16 జీబీ చేశాను, ఎస్‌ఎస్‌డీ పెట్టాను. చివరగా జీటీఎక్స్ 1060 (6 జీబీ) కార్డు తగిలించాను. ప్రాసెసర్ మీద కూలర్ మాత్రం ఐ3తో వచ్చిన పాతదే. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్ట్ కొత్తది, బాగానే దట్టించాను. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే యూనిట్) కూడా పాతదే. అందులో కార్డుకి కావలసిన 6 పిన్నుల వైరు లేకపోతే, హార్డ్‌డిస్కుకి ఇచ్చే శాటా వైరు నుంచి కరెంటు తీసుకునే కన్వర్టర్ వాడాను.

ఇప్పుడు ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉన్నా ప్రాసెసర్ 60, 62 డిగ్రీలు చూపిస్తోంది. గేమ్ మొదలైన పది సెకన్లలో 95 దాటి 97 దగ్గర నిలబడుతోంది. గ్రాఫిక్స్ కార్డు మెల్లగా ఇరవై నిమిషాలకి 84కి చేరుతోంది. గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. వారంలో రెండు మూడు సార్లు సిస్టమ్ మొత్తం టప్పున ఆగిపోయింది. క్యాబినెట్‌కి ముందు ఒకటి, వెనక ఒకటి, పక్కన ఒకటి ఫ్యాన్లు పెట్టాను. చెయ్యి పెట్టి చూస్తే మూడింటి నుంచీ వేడిగాలి బాగానే బయటికి వస్తోంది. సైడ్ డోర్ తీసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెడితే కార్డు 72కి దిగింది, ప్రాసెసర్ మాత్రం 94 దగ్గరే ఉంది. వాటర్ కూలింగ్ పెట్టించాలా? పాత ఐ3 మళ్ళీ వేసేయనా? పోనీ, డోర్ తీసేసే వాడుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది, సలహా చెప్పండి.

సమాధానం: ముందు సిస్టమ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ కన్వర్టర్ ఊడదీసి చూడండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మీరు 95 డిగ్రీలు అన్నచోట నేను అంతగా కంగారు పడలేదు. శాటా వైరు నుంచి గ్రాఫిక్స్ కార్డుకి కరెంటు ఇస్తున్నానన్న చోట పడ్డాను. శాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకి ఉండేవి మూడు సన్నటి పిన్నులు. ఒక్కొక్కటి మోయగలిగింది 1.5 ఆంపియర్లు. మూడూ కలిపితే 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. కార్డు మీదున్న 6 పిన్నుల సాకెట్టేమో 75 వాట్ల దాకా లాక్కోవచ్చు. జీటీఎక్స్ 1060 మొత్తం వాడకం 120 వాట్లు కదా, అందులో కొంత మదర్‌బోర్డు స్లాట్ ఇస్తుంది కదా, మిగిలింది 54 లోపే వస్తుందేమో అని లెక్క వేయొచ్చు. కాగితం మీద ఆ లెక్క కుదిరినా, స్లాట్ నుంచి ఎంత లాగాలి, వైరు నుంచి ఎంత లాగాలి అన్నది కార్డు తయారుచేసినవాళ్ళు పెట్టుకున్న అమరికని బట్టి ఉంటుంది. పైగా గేమ్ నడిచేటప్పుడు వాడకం క్షణాల పాటు 120 దాటి ఎగిరి మళ్ళీ దిగుతూ ఉంటుంది. ఆ పిన్నులు వేడెక్కి, చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి, కనెక్టర్ కరిగి సాకెట్‌కి అతుక్కుపోయిన సిస్టమ్‌లు చూసినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. కనెక్టర్ రంగు మారినా మారకపోయినా, కాలిన వాసన వచ్చినా రాకపోయినా, దాన్ని మళ్ళీ పెట్టకండి. కార్డుని కూడా స్లాట్ నుంచి తీసి పక్కన పెట్టి, మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డు వెనకే తగిలించండి. ఐ7-4790లో సొంత గ్రాఫిక్స్ ఉంది. కొన్నాళ్ళు గేములు ఉండవు, మిగతా పనులన్నీ జరిగిపోతాయి.

ఇక ఆ టప్పున ఆగిపోవడం సంగతి. వేడెక్కి ఆగిపోతోందని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. మీ ప్రాసెసర్‌కి హద్దు 100 డిగ్రీలు. ఆ హద్దుకి చేరగానే అది చేసే మొదటి పని తన వేగం తానే తగ్గించుకోవడం. మీ గేమ్ ఆగి ఆగి నడవడానికి అది కూడా ఒక కారణమై ఉంటుంది. వేగం తగ్గించుకున్నా వేడి ఇంకా పైపైకి పోతుంటే అప్పుడు కరెంటు కట్ చేసుకుంటుంది. 97 దగ్గర నిలకడగా నిలబడిన ప్రాసెసర్ అంత దూరం వెళ్ళినట్టు లేదు. ఒక్కసారిగా, ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతే నా అనుమానం మొదట ఎస్‌ఎంపీఎస్ మీదికే పోతుంది. సిస్టమ్‌లో జరిగినవి రాసిపెట్టే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని ఒక ఎర్ర గుర్తు కనిపిస్తుంది, చాలామంది దాన్ని పట్టుకుని రోజుల తరబడి వెతుకుతారు. పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాకుండా సిస్టమ్ ఆగింది అన్నదే దాని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

లెక్క చూడండి. 2014లో మీ డబ్బాలో పెద్ద వాడకం అంటే 54 వాట్ల ఐ3 ఒక్కటే. ఇప్పుడు 84 వాట్ల ఐ7, దాని పక్కన 120 వాట్ల కార్డు. రెండూ కలిపి 204. దాదాపు నాలుగు రెట్లు. బోర్డు, డిస్కులు, ఫ్యాన్ల వాడకం దీనికి అదనం. ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉండొచ్చు. దాన్ని వదిలేసి కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 18 ఆంపియర్లు అనే రాసుంటే, 12 వోల్టుల మీద అది ఇవ్వగలిగింది 216 వాట్లు మాత్రమే. ప్రాసెసరూ కార్డూ తినేవన్నీ ఆ 12 వోల్టులే. అదీ కొత్తగా ఉన్న రోజుల్లో మాట. పదేళ్ళు దాటిన ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ముసలివైపోయి ఉంటాయి.

ఇంకో సంగతి. ఆ కాలం క్యాబినెట్లలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ పైభాగంలో ఉంటుంది. మీదీ అలాంటిదే అయితే, అది డబ్బాలో వేడిగాలినే పీల్చుకుని దాంతోనే తన ఒళ్ళు చల్లబరుచుకోవాలి. ఐ3 రోజుల్లో లోపలి గాలి గోరువెచ్చగా ఉండేది కాబట్టి గడిచింది. ఇప్పుడు కార్డు వదిలే వేడంతా పైకి లేచి సరిగ్గా దాని ముక్కులోకే వెళ్తోంది. భారం పెరిగిన సమయంలోనే చల్లదనం తగ్గింది. అందుకని కొత్తగా కొనాల్సిన వస్తువుల్లో మొదటిది మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్, కార్డుకి 6 పిన్నుల వైరు నేరుగా వచ్చేది, నిజంగా 450 వాట్లు ఇచ్చేది. పాతదాన్ని విప్పి దుమ్ము దులుపుదామనుకోవద్దు. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లు షాక్ కొట్టేంత కరెంటు దాచుకుని ఉంటాయి.

వేడి విషయానికి వద్దాం. మీరు తెలియకుండానే నాకు రెండు మంచి ఆధారాలు ఇచ్చారు. ప్రాసెసర్ పది సెకన్లలో 95 దాటడం ఒకటి, డోర్ తీస్తే కార్డు దిగి ప్రాసెసర్ దిగకపోవడం రెండోది. వీటి గురించి కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే ఈ రెండూ అర్థమైతే ఇక ముందు ఏ సిస్టమ్ వేడెక్కినా ఎక్కడ వెతకాలో మీకే తెలిసిపోతుంది.

ప్రాసెసర్‌లో పుట్టిన వేడి బయటి గాలిలో కలవాలంటే కొన్ని గుమ్మాలు దాటాలి. సిలికాన్ నుంచి పైనున్న లోహపు మూతకి, మూత నుంచి పేస్ట్ గుండా కూలర్ లోహానికి, ఆ లోహపు రేకుల నుంచి డబ్బాలో గాలికి, డబ్బాలో గాలి నుంచి గదిలోకి. ఒక్కో గుమ్మం దగ్గర వేడి నిండడానికి పట్టే సమయం వేరు. అసలు చిప్పు వేలిగోరంత ఉంటుంది, దాన్ని వేడెక్కించడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. కూలర్ లోహం వేడెక్కాలంటే నిమిషాలు పడుతుంది. డబ్బాలో గాలి, దాని ఇనుప గోడలు వేడెక్కాలంటే పావుగంటో ఇరవై నిమిషాలో కావాలి. కాబట్టి వేడి ఎంత త్వరగా పెరిగిందో చూస్తే అది ఏ గుమ్మం దగ్గర ఇరుక్కుందో తెలుస్తుంది. సెకన్లలో ఎగిరిందంటే వేడి కూలర్ దాకా సరిగ్గా చేరడమే లేదు. ఇరవై నిమిషాల పాటు మెల్లగా ఎక్కిందంటే కూలర్ తన పని తాను చేస్తోంది, దాని చుట్టూ ఉన్న గాలే మారడం లేదు.

డోర్ తీయడం కూడా అలాంటి పరీక్షే. డోర్ తీస్తే కార్డు 84 నుంచి 72కి దిగింది. పన్నెండు డిగ్రీలు. దానికి గాలి ఆడటం లేదని తేలిపోయింది. ప్రాసెసర్ దిగింది మూడే. దాని చుట్టూ గదిలో చల్లగాలి అంతా ఉన్నా తీసుకోలేకపోతోంది. కూలర్ అంచు మీద వేలు పెట్టి చూడండి, ఫ్యాన్ రెక్కలకి మాత్రం దూరంగా. 95 చూపిస్తున్నప్పుడు కూడా ఆ లోహం మామూలు వెచ్చగానే ఉంటే ఇక సందేహమే లేదు. ఒకే డబ్బాలో రెండు వేరువేరు జబ్బులున్నాయి. మీరు రెండింటికీ ఒకే మందు వేశారు, ఫ్యాన్లు.

ప్రాసెసర్ సంగతి మొదట. ఐ3 కోసం ఇచ్చిన కూలర్ 54 వాట్ల ప్రాసెసర్‌ని మనసులో పెట్టుకుని చేసింది, 84 వాట్లకి అది చాలదు అన్నది నిజమే. కానీ కూలర్ చిన్నదైనంత మాత్రాన ఖాళీగా ఉన్నప్పుడు 60 డిగ్రీలు రావు. ఖాళీగా ఉన్న ఐ7 చాలా కొద్ది కరెంటే వాడుతుంది, ఆ చిన్న కూలర్‌కి అది లెక్కలోది కాదు. అంటే కూలర్ ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనుకోలేదు. ఐ3 తీసి ఐ7 పెట్టినప్పుడు మీరు దాన్ని ఒకసారి ఊడదీసి మళ్ళీ బిగించారు. ఇంటెల్ కూలర్‌కి నాలుగు మూలలా ఉండే ఆ ప్లాస్టిక్ పుష్ పిన్నులు ఉన్నాయే, వాటితో పడ్డ తిప్పలు అంతా ఇంతా కాదు. ఏళ్ళ తరబడి వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. నాలుగింటిలో మూడు బిగుసుకుని ఒకటి పైకి తేలినా, పైనుంచి చూస్తే అన్నీ బిగుసుకున్నట్టే కనిపిస్తాయి.

పేస్ట్ దట్టించానన్నారు. మామూలుగా పేస్ట్ ఎక్కువైతే పెద్ద నష్టం లేదు, కూలర్ గట్టిగా నొక్కితే ఎక్కువైనది పక్కలకి వచ్చేస్తుంది, తుడుచుకోవడమే పని. కానీ ఒక పిన్ను లేచి ఉంటే నొక్కేవాళ్ళు లేరు, మందపాటి పొర అలాగే మిగిలిపోతుంది. వేడిని మోయడంలో రాగికి 400 మార్కులనుకుంటే మంచి పేస్ట్‌కి వచ్చేది 10 చుట్టుపక్కల. గాలికైతే 0.03 కూడా రాదు. రెండు లోహాల మధ్య కంటికి కనిపించని గుంటల్లో గాలి ఉండకుండా నింపడానికే పేస్ట్, అంతకుమించి దాన్నుంచి ఆశించకూడదు.

తీసే పద్ధతి ఇది. సిస్టమ్‌ని ఒక ఐదు నిమిషాలు నడిపి ఆపండి, పేస్ట్ మెత్తబడుతుంది. ప్లగ్గు తీసేశాక పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకోండి. నాలుగు పిన్నుల తలల మీదా బాణం గుర్తులుంటాయి, అవి చూపించే వైపు తిప్పి పైకి లాగండి. కూలర్‌ని ఒక్కసారిగా పైకి పెరకకుండా కొంచెం అటూ ఇటూ మెలితిప్పి తీయండి. తీయగానే తుడిచేయకండి. ప్రాసెసర్ మీదా కూలర్ మీదా పేస్ట్ అచ్చు పడి ఉంటుంది, దాన్ని చూడండి. ఒక మూల పల్చగా, ఎదురు మూల మందంగా ఉంటే, మందంగా ఉన్న మూలలో పిన్నే మీ దొంగ. ఫొటో తీసి పెట్టుకోండి, కొత్తది బిగించాక పోల్చుకోవడానికి పనికొస్తుంది. తర్వాత 90 శాతం దాటిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని గుడ్డతో రెండింటినీ శుభ్రంగా తుడిచి, మధ్యలో బఠాణీ గింజకన్నా కాస్త చిన్నగా పేస్ట్ పెట్టండి. వేలితో పూయొద్దు, కూలర్ బరువే దాన్ని పరుస్తుంది. పిన్నుల తలలు మొదట బాణానికి ఎదురు దిక్కున తిప్పేయండి. ఆ తర్వాత ఒక మూల, దానికి ఎదురు మూల, ఇలా ఐమూలగా టక్కుమనే దాకా నొక్కండి. బోర్డు వెనక్కి వెళ్ళి చూస్తే ప్రతి రంధ్రంలోనూ తెల్ల కాళ్ళు నల్ల పిన్ను దిగి విచ్చుకుని కనిపించాలి. అక్కడ ఒక కాలు విరిగో వంగో ఉంటే ఇక ఆ కూలర్‌తో కుస్తీ అనవసరం.

నిజానికి విరగకపోయినా నేను కొత్త కూలర్ కొనమనే చెబుతాను. పాతదాన్ని సరిగ్గా బిగిస్తే ఖాళీగా ఉన్నప్పటి వేడి దిగొస్తుంది, కానీ గేమ్ ఆడేటప్పుడు 84 వాట్లకి అది రొప్పుతూనే ఉంటుంది. రాగి హీట్ పైపులు, నిలువు రేకులు, పక్కన 92 లేదా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న చిన్న టవర్ కూలర్ చాలు. బోర్డు వెనక ప్లేటు పెట్టి స్క్రూలతో బిగించేది తీసుకోండి, పుష్ పిన్నులది వద్దు. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మీది 1150 రకం. దాని చుట్టూ రంధ్రాల దూరం 75 మిల్లీమీటర్లు. 1155, 1151, 1200 సాకెట్లకీ అదే దూరం కాబట్టి కూలర్ డబ్బా మీద వీటిలో ఏది రాసున్నా మీకు సరిపోతుంది. 1700కి మాత్రమే అని ఉంటే సరిపోదు, దాని దూరం వేరు. కొనేముందు బోర్డు నుంచి సైడ్ డోర్ దాకా స్కేలుతో కొలవండి, పాత క్యాబినెట్లు వెడల్పు తక్కువ. టవర్ కూలర్‌తో ఒక చిన్న లోటు ఉంది. పాత కూలర్ గాలిని కిందికి, బోర్డు మీదికి ఊదేది, దాంతో ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగాలు కూడా చల్లబడేవి. టవర్ గాలిని అడ్డంగా వెనక్కి తోస్తుంది. మామూలు బోర్డుల్లో ఆ భాగాల మీద చిన్న హీట్ సింక్ కూడా ఉండదు. అందుకని మీ వెనక ఫ్యాన్‌ని మాత్రం ఎప్పుడూ తీయకండి.

కూలర్ ఫ్యాన్ వైరు బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసున్న 4 పిన్నుల చోటే తగిలించారా అన్నదీ చూసుకోండి. ఇంకో చోట తగిలిస్తే, ప్రాసెసర్ ఎంత వేడెక్కినా ఫ్యాన్‌కి ఆ కబురు అందకపోవచ్చు.

ఇవన్నీ చేశాక ఖాళీగా ఉన్నప్పుడు గది వేడి కన్నా పది పదిహేను డిగ్రీలు ఎక్కువ, గేమ్‌లో 65 నుంచి 75 మధ్య వస్తే పని అయినట్టే. 80 చూసినా కంగారు పడొద్దు. చూసేటప్పుడు కోర్ టెంప్ లాంటి చిన్న సాఫ్ట్‌వేర్ చాలు. ఇక్కడ నా సొంత ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఒకప్పుడు నా పాత సిస్టమ్‌లో అన్ని సెన్సర్లూ చూపించే ఒక సాఫ్ట్‌వేర్ వేశాను. ప్రాసెసర్ 45, డిస్కు 38, దాని కింద ఇంకేదో పేరుతో 127 డిగ్రీలు! ఆ రాత్రి రెండింటి దాకా కూర్చుని సిస్టమ్ మొత్తం విప్పేశాను. ప్రతి చిప్పు మీదా వేలు పెట్టి చూశాను, ఎక్కడా కాలలేదు. తెల్లారాక తెలిసిందేమిటంటే, బోర్డులో చిప్పుకి ఉన్న ఆ సెన్సర్ కాలికి ఏదీ తగిలించకుండా వదిలేశారట. ఏమీ లేని చోటు నుంచి వచ్చిన అంకె అది. కదలకుండా 127 అనో, సున్నా కన్నా తక్కువనో చూపించే సెన్సర్‌ని నమ్మకండి. కోర్ 0, కోర్ 1 అని ఉన్న వరసలు చూస్తే చాలు.

ఇప్పుడు కార్డు, ఫ్యాన్లు. మీరు ఎంతో సంతోషంగా రాసిన వాక్యమే నాకు తప్పు పట్టించింది: మూడు ఫ్యాన్ల నుంచీ వేడిగాలి బయటికి వస్తోందని. మూడూ బయటికి తోస్తుంటే లోపలికి తెచ్చేదెవరు? బయటికి ఎంత పోతే అంత లోపలికి రావాలి, అది ఏ చీలికలో నుంచో, వెనక ఖాళీ స్లాట్ల కన్నాల్లో నుంచో దుమ్ముని వెంటేసుకుని వస్తుంది. కొంత గాలి వెనక కన్నంలోంచి వచ్చి, పక్క ఫ్యాన్ గుండా మళ్ళీ బయటికి పోయి ఉంటుంది, కార్డు వైపు కన్నెత్తి కూడా చూడకుండా. పైగా పక్క ఫ్యాన్ కార్డుకి సరిగ్గా ఎదురుగా ఉండి ఉంటే, కార్డు ఫ్యాన్లు పీల్చుకోవాల్సిన గాలిని అది లాగేసుకుంటోంది. జీటీఎక్స్ 1060 కార్డుల్లో చాలావరకు వేడిని వెనక నుంచి గదిలోకి పంపవు, డబ్బాలోకే వదులుతాయి. ఆ 120 వాట్లూ బయటికి పంపే బాధ్యత మీ క్యాబినెట్ ఫ్యాన్లదే.

ముందు ఫ్యాన్‌ని విప్పి తిప్పి బిగించండి. ఫ్యాన్ మధ్యలో మోటారుని పట్టుకుని ఉండే అడ్డ కాళ్ళు ఏ వైపు కనిపిస్తే గాలి ఆ వైపుకి పోతుంది. అంటే ముందు ఫ్యాన్‌కి ఆ కాళ్ళు డబ్బా లోపలి వైపు ఉండాలి, వెనక ఫ్యాన్‌కి బయటి వైపు. పక్క ఫ్యాన్‌ని కూడా లోపలికి ఊదేలా తిప్పండి. కార్డు వేడి దిగకపోతే దాన్ని తీసేసి ఆ కన్నానికి టేపు వేయండి, అప్పుడూ తేడా లేకపోతే ఎలా ఉన్నా ఒకటే. చెయ్యి అడ్డం పెట్టి చూడటం కన్నా పల్చటి కాగితం ముక్క దగ్గర పెట్టండి. గ్రిల్లుకి అతుక్కుంటే గాలి లోపలికి, రెపరెపలాడుతూ దూరం జరిగితే బయటికి.

పాత క్యాబినెట్లతో ఇంకో చిక్కుంది. ముందు భాగం నిండా నున్నటి ప్లాస్టిక్, కింద ఎక్కడో రెండు సన్నటి చీలికలు. దాని వెనక ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా ముక్కు మూసుకుని ఊపిరి పీల్చినట్టే. ముందు ప్లాస్టిక్ ముఖాన్ని పీకేసి ఒకసారి గేమ్ ఆడి చూడండి. కార్డు అయిదారు డిగ్రీలు దిగిందంటే ఆ ముఖానికి కన్నాలు చేయడమో, క్యాబినెట్ మార్చడమో ఆలోచించాలి. దుమ్ము గురించి మీరు ఏమీ రాయలేదు. కార్డు కూడా సెకండ్ హ్యాండ్‌దే అయితే రేకుల మధ్య దుమ్ము చాప పరిచినట్టు ఉండే అవకాశం ఎక్కువ. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి, అతివేగంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. కార్డు పేస్ట్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. గాలి దారి సరిచేశాక కూడా 80 దాటుతుంటే అప్పుడు చూద్దాం. 84 అన్నది ఆ కార్డుకి ప్రాణాంతకం కాదు, దాని హద్దు 94. మామూలు సెట్టింగుల్లో 83 దగ్గర ఉండాలని చూస్తుంది కాబట్టి అక్కడికి రాగానే వేగం కొంచెం తగ్గించుకుంటుంది, అంతే.

కొత్త కూలర్ చేతికొచ్చే లోపు పైసా ఖర్చు లేకుండా వేడి తగ్గించే దారి ఒకటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది. 100 శాతం ఉన్నచోట 99 చేయండి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది, కానీ దాంతో టర్బో ఆగిపోతుంది. 4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్ళే ప్రాసెసర్ 3.6 దాటదు. మామూలు పనుల్లో తేడా తెలియదు, వేడి మాత్రం బాగానే దిగుతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ వచ్చి కార్డు మళ్ళీ పెట్టాక ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి దించి చూడండి. కోల్పోయే ఫ్రేములు (సెకనుకి గేమ్ గీసే బొమ్మలు) తక్కువ, తగ్గే వేడి ఎక్కువ. మీ మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే గేమ్‌లో ఫ్రేములు 60కి కట్టేయండి. మానిటర్ చూపించలేని ఫ్రేముల కోసం కార్డుని కాల్చుకోవడం ఎందుకు?

వాటర్ కూలింగ్ వద్దు. 84 వాట్ల ప్రాసెసర్‌కి అది అనవసరపు ఖర్చు. నీళ్ళున్నా గాలి ఉన్నా చివరికి వేడిని గాలిలోకే వదలాలి, రేడియేటర్ కూడా అదే ఉక్కపోత డబ్బాలో కూర్చోవాలి. మీ క్యాబినెట్‌లో దానికి చోటుంటుందన్న నమ్మకం కూడా నాకు లేదు. పైగా కొన్నేళ్ళకి పంపు ఆగిపోతే ఎటువంటి చప్పుడూ లేకుండా మళ్ళీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.

ఐ3 మళ్ళీ వేయాల్సిన పని లేదు. అలాగని అమ్మేయకండి, ఎంతో రాదు కూడా. కొత్త కూలర్ బిగించాక కూడా ఏదో తేడాగా ఉంటే, తప్పు ప్రాసెసర్‌దా బోర్డుదా అని తేల్చుకోవడానికి తెలిసిన ప్రాసెసర్ ఒకటి చేతిలో ఉండటం మంచిది. అడుగు భాగం కింద పెట్టకుండా చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దాచండి.

ఇక డోర్. కూలర్ వచ్చే దాకా నాలుగు రోజులు తీసి వాడుకోండి, కొంప మునగదు. ఫ్యాన్లు సరిగ్గా తిప్పాక మాత్రం మూసేయండి. డోర్ మూసి ఉంటేనే ముందు నుంచి వచ్చిన గాలి కార్డు మీదుగా, కూలర్ మీదుగా వెనక్కి పోతుంది. తెరిచి ఉంటే ముందు ఫ్యాన్ తెచ్చిన గాలి అక్కడికక్కడే పక్కకి వెళ్ళిపోతుంది. మూసినప్పుడూ తెరిచినప్పుడూ కార్డు వేడి రెండు మూడు డిగ్రీల తేడాతో ఉంటే ఇక దాన్ని తెరవాల్సిన అవసరం లేదు. తేడా మళ్ళీ పది దాటితే ముందు ప్లాస్టిక్ ముఖం దగ్గరికి వెళ్ళండి. ఈ లోపు ఆ డోర్ స్క్రూలు రెండూ ఎక్కడ పెట్టారో గుర్తుంచుకోండి.